దిగని పడుగు

కరెంటు పోయింది. పోవడం కొత్త కాదు గానీ ఈసారి పోయిన తీరే వేరు. కల్యాణమంటపంలో బ్యాండుమేళం వాళ్లందరికీ ఒకేసారి భోజనానికి పిలుపు వచ్చినట్టు, నగరిలో ఆ వీధి మొత్తం ఒక్క దెబ్బకు నోరు మూసుకుంది. పొద్దున లేచింది మొదలు గోడలు అదిరేలా దడదడలాడే పవర్‌లూములన్నీ ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి, వాటి ముందు నిలబడేవాళ్లంతా చొక్కాలు విదుల్చుకుంటూ అరుగుల మీదికి వచ్చి పడ్డారు, ఆ నిశ్శబ్దంలో వినపడుతున్నదల్లా ఒక్క కుప్పయ్య మగ్గమే. టక్కు, సర్రు, టక్కు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, తొక్కుడు చెక్కల మీద పాదాలు ఆడిస్తూ, ఎడమచేతినుంచి కుడిచేతికి పేక దారం మోసే నాడెను పరుగెత్తిస్తూ, కుప్పయ్య తనలో తానే మీసం తిప్పుకున్నాడు. మీసం ఎప్పుడో తీసేశాడు, అయినా తిప్పుకున్నాడు. చూసినారా అబ్బా, మీ మిషన్లకు తీగలో ప్రాణం, నా మగ్గానికి కాళ్లలో ప్రాణం, నా కాళ్లకు చౌడేశ్వరి పెట్టే రాగిసంగటిలో ప్రాణం. ఈ గంట ఊరంతటికీ నేతగాడు ఒక్కడే. టక్కు, సర్రు, టక్కు.

నిజానికి ఆ పూట అతను అంత హుషారుగా ఉండవలసిన పూట కాదు. ఆ ఇల్లు అతనిది కాదు, బాడుగ ఇల్లు. సదరు ఇంటిని నెల రోజుల్లో ఖాళీ చేసి స్వాధీనపరచవలసిందని చిత్తూరు వకీలు రాసిన నోటీసు కేలండరు మేకుకు వేలాడుతోంది, దాని గడువు ఈ రోజుతో సరి. ఇల్లు కొనడానికి అడ్వాన్సు ఇచ్చిన మోహన్‌కృష్ణ మధ్యాహ్నం లోపల తానే వచ్చి చూసుకుంటానని కబురు పెట్టాడు. వస్తే రానీ. వచ్చేలోగా చేయవలసింది ఒక్కటే పని. మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోవస్తోంది, దాని తోకకు కొత్త పడుగు అతకాలి. కొత్తది వెనక వీధిలో గంజిపెట్టి, ఆ కొసనుంచి ఈ కొసకు లాగి కట్టి ఎండలో ఆరుతోంది, దాన్ని చుట్టుకు రావడానికి చౌడేశ్వరి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ పడుగు వెనక కొసను బిగించిన కట్టుకర్ర ముళ్లు సగం వదులు చేసి, పోగుల మీద జానెడు ఇవతల కుంకంతో అడ్డంగా ఒక గీత గీసి, మొగుడి మొహం మీద వేలు ఊపింది.

"ఇదో, కుంకం గీత కాడికొచ్చినాక నిలుపు. ఒక్క వరస కూడా దాటొద్దు. ఆలోచనలో పడి దాటిస్తివా, ఆ పైన అతికేదానికి పోగులు మిగలవు."

"నేనెప్పుడు ఆలోచనలో పడినాను మే?"

"ఎప్పుడు లేసినావు?" అని ఆమె వెళ్లిపోయింది.

కొత్త పడుగు పాతదానికి అతికిందంటే ఇక కుప్పయ్యకు ఎదురు లేదు. మగ్గం మీద పడుగు ఉండగా ఇల్లు ఖాళీ చేయించడం ఆ వీధిలో పుట్టినవాడెవడూ చేయడు. వకీలు చేస్తాడు, కోర్టు చేస్తుంది, వాళ్లు ఆ వీధిలో పుట్టలేదు కాబట్టి. మోహన్‌కృష్ణ పుట్టాడు. వాడి నాయన ఈ వీధిలోనే నేసి, తరవాత పవర్‌లూములు పెట్టి, కొడుకును పూతలపట్టు కూడలిలో ప్లాట్లు అమ్ముకునేవాణ్ణి చేశాడు. ప్లాట్లు అమ్మితే అమ్మాడు, పడుగు అంటే ఏమిటో వాడి ఎముకల్లో ఉంటుంది. ఇది ఒక ఎత్తు. ఇంకో ఎత్తు కూడా ఉంది, అది మాట. ఆ మాట గుర్తొస్తే చాలు కుప్పయ్య పెదాలు వాటంతటవే సాగుతాయి, ఇప్పుడూ సాగాయి, కాళ్లు ఇంకాస్త జోరందుకున్నాయి, అయివారు గుమ్మంలో నిలబడ్డారు.

నిలబడ్డారంటే నిజంగా కాదు, అయివారు పోయి ఏడాది దాటింది. వేంకటాచలపతి అయివారు, ఈ ఇంటి యజమాని, పుత్తూరు బడిలో లెక్కలు చెప్పి చెప్పి తిరుపతిలో కాపురం పెట్టిన పెద్దమనిషి, నుదుట నామం ఎంత నిటారుగా ఉండేదో మనిషీ అంతే. అప్పుడు కుప్పయ్యకు ఇంకా నల్ల జుట్టు. అయివారు ఒక బ్రోకరును వెంటపెట్టుకుని వచ్చి, ఇల్లు అమ్మేయాలనుకుంటున్నాను కుప్పయ్యా అన్నారు. అని, మగ్గం వైపు చూసి, మగ్గం మీద నిండుగా ఉన్న పడుగు చూసి, చేతులు వెనక్కి కట్టుకున్నారు. పాపం, మధ్యలో కోయించడం నాకు ఇష్టం లేదు, ఈ పడుగు దిగి మగ్గం ఖాళీ అయిన తరవాత ఇల్లు ఖాళీ చేద్దువు గాని, అన్నారు. అట్లే అయివారూ అన్నాడు కుప్పయ్య, పూర్తి మంచి మనసుతో అన్నాడు. ఆ పడుగు అయిపోవస్తుండగా చౌడేశ్వరి ఎప్పటిలాగే బూడిద చేతికి అద్దుకుని, పాత పోగు కొసకు కొత్త పోగు కొస మెలిపెట్టి, మొత్తం పోగులన్నీ అతికేసింది. అతకడం నేతగాళ్ల ఇంట్లో అన్నం వార్చడం లాంటిది, ఆలోచించి చేసే పని కాదు. నెల తిరిగి అయివారు వచ్చారు. ఏం కుప్పయ్యా, దిగలేదా? యాడ అయివారూ, అదే పడుగు, తోకకు ఇంకోటి అతికినాము, మగ్గం ఖాళీ కాలా. అయివారు పడుగును చూశారు, చౌడేశ్వరి చేతి బూడిదను చూశారు, తల ఎత్తి పైకప్పును చూశారు, వేళ్ల మీద ఏదో లెక్క వేశారు, లెక్క తేలలేదు. అప్పుడు మొదలుపెట్టారు నవ్వడం. నవ్వీ నవ్వీ చెమట పట్టి, నామం కరిగి ముక్కు మీదికి జారి, తువ్వాలుతో తుడుచుకుంటే అడ్డబొట్టు అయింది. ఆ అవతారంలోనే తిరుపతి బస్సెక్కారు. ఆ తరవాత ఇల్లు అమ్మే ఊసు ఎత్తలేదు గానీ, ప్రతి మామిడి కాపుకూ వచ్చేవారు. అరుగు మీద కూర్చుని, చౌడేశ్వరి కోసిచ్చిన బెంగళూరా కాయ ముక్క ఉప్పూకారంలో అద్దుకుంటూ, ఏం కుప్పయ్యా, దిగిందా? ఇంకా మూరెడు ఉండాది అయివారూ. ఇన్నేళ్లూ మూరెడే ఉంది. చివరిసారి చేతికర్రతో వచ్చినప్పుడు మామిడిముక్క నమలలేక చప్పరిస్తూ, దిగితే ముందు నాకు కబురు చెయ్యి కుప్పయ్యా, పేపర్లో చూసి తెలుసుకునేలా చేయకు, అన్నారు.

టక్కు, సర్రు, టక్కు. కండెలో దారం అయిపోయింది, వేరే కండె వేశాడు. నేసిన బట్టను ఒడి ముందున్న దోనెకర్రకు ఒక చుట్టు చుట్టాడు. ఎదురింటి అరుగు మీదనుంచి ఎవరో కేక వేశారు, కుప్పయ్యన్నా నీకేమప్పా, కరెంటాఫీసోళ్లు నీకు లంచమిచ్చి తీసినట్టుండారే అని. లంచం కాదప్పా, నేనే తీయమన్నా, మీ మోత తగ్గితే నా పాట వినపడుతుందని. అరుగులన్నీ నవ్వాయి. ఆ నవ్వు విని కాళ్లు మరికాస్త ఊపందుకున్నాయి. అయివారి కొడుకు హృషీకేశ్ కూడా నవ్వేవాడే గానీ వాడి నవ్వు ఫోన్లో వినడమే, తిరుపతిలో ఆఫీసు వదిలి రావడానికి వీలుపడదు పాపం. నాన్నగారి మాట నాకు తెలుసండీ కుప్పయ్యగారూ, కానీ నేను ఇల్లు అమ్ముకోవాలి గదా అన్నాడు, మర్యాదగానే అన్నాడు. అమ్ముకో నాయనా, ఎవరొద్దన్నారు? కొనబోయే మోహన్‌కృష్ణ మాత్రం ఇంట్లో మనిషి ఉండగా రిజిస్ట్రేషను చేయించుకోనని మొండికేశాడు. ఇదిగో అదిగో అని నెట్టాడు. నెట్టగా నెట్టగా హృషీకేశ్ విసిగి, శుక్రవారంలోగా మిగతాది కట్టి ఇల్లు రాయించుకోకపోతే అడ్వాన్సు జప్తు అని వాడికీ నోటీసు ఇప్పించాడు. ఖాళీ చేయమని కుప్పయ్యకు ఒకటి, కొనుక్కోమని మోహన్‌కృష్ణకు ఒకటి. రెండూ రాసింది ఒకే వకీలు, రెంటికీ ఒకే రబ్బరు ముద్ర, రెంట్లోనూ 'తగు చర్య తీసుకొనబడును' అని ఒకే బెదిరింపు. ఒకే ఆవుకు రెండు వైపులా కూర్చుని పితికినట్టున్నాడు ఆ వకీలు. ఆవు అనుకోగానే పలమనేరు గుర్తొచ్చింది.

పలమనేరు చలి గురించి కుప్పయ్య చెప్పే సంగతి ఈ వీధిలో పుట్టిన పిల్లలందరికీ తెలుసు. ఒక మార్గశిరంలో బట్టల అమ్మకానికి వెళ్తే అక్కడ ఆవు పొదుగులోనే పాలు పేరుకుని పెరుగైపోయాయి, పితికితే ముద్దలు ముద్దలుగా గంపలో పడ్డాయి, గంప నెత్తిన పెట్టుకుని ఎండపొడకు వచ్చేసరికి మజ్జిగయింది, అక్కడే దుప్పటి అమ్ముకుని తాగి వచ్చాను అని చెప్తాడు. దుప్పటి అమ్ముకుని చలిలో మజ్జిగ ఎందుకు తాగినావని ఇంతవరకు ఒక్క పిల్లవాడూ అడగలేదు, చౌడేశ్వరి మాత్రం చెప్పిన ప్రతిసారీ అడుగుతుంది. ఆమెకు కార్వేటినగరం రాజుగారి తలపాగా కథ ఇష్టం. రాజుగారు కుప్పయ్య తాత చేత తలపాగా నేయించుకున్నారు, ఆ తాత మగ్గం దిగడమంటే ఇష్టం లేనివాడు, ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి నేస్తూనే ఉన్నాడు. తలపాగా మొదలు కార్వేటినగరం కోటలో రాజుగారి తల మీద, కొస ఇక్కడ నగరిలో మగ్గం మీద. రాజుగారు దర్బారులో కుడివైపు తిరిగితే తాత గుంటలోనుంచి లేచి పడేవాడు, ఎడమవైపు తిరిగితే పుత్తూరు దారిలో ఆరేసుకున్న వడియాలన్నీ గుడ్డకు అంటుకుని కోటకు వెళ్లిపోయేవి. రాజుగారికి ఆ వడియాలు రుచించాయి. అందుకే ఎడమవైపు వాళ్లు చెప్పే ఫిర్యాదులే వినేవారు. తల ఊపితే మాత్రం ప్రమాదం. అందువల్ల ఆ రాజుగారి కాలంలో ఎవరు ఏ అర్జీ పెట్టుకున్నా ఔను కాదు అని తల ఊపింది లేదు, అన్నీ పెండింగే. ఇది తలచుకుని కుప్పయ్య గుంటలో ఒక్కడే కిచకిచ నవ్వాడు, నాడె గాలిలో చేపపిల్లలా ఎగిరింది, టక్కు సర్రు టక్కు సర్రు, ఒంట్లో వయసు ఎక్కడికో పోయింది, మోహన్‌కృష్ణ వస్తాడు, రా అల్లుడా కూర్చో అంటాను, ఇదిగో పడుగు అంటాను, మీ నాయన బతికుంటే ఏమనేవాడో అడుగు అంటాను, వాడు తల గోక్కుంటాడు, అప్పుడు తలపాగా కథ ఎత్తుకుంటాను, వాడు నోటీసు మరిచిపోతాడు, టక్కు సర్రు, మజ్జిగ ఇమ్మంటాను, బట్ట ఇంకో చుట్టు, టక్కు, అయివారు అరుగు మీదనుంచి వంగి చూస్తున్నారు, ఏం కుప్పయ్యా, ఇంకా మూరెడు, టక్కు, ఇంకా మూ

సర్రుమంది. నాడె కాదు. వెనక కట్టుకర్ర టపీమని నేల మీద పడింది, వదులు చేసి ఉన్న ముళ్లలోంచి పోగులన్నీ ఒక్కుమ్మడిగా జారాయి, పోగుల్ని ఎత్తి దించే అల్లు కళ్లలోంచి జారాయి, దువ్వెనలాంటి అచ్చు పళ్లలోంచి జారాయి, వానపాముల్లా మెలికలు తిరుగుతూ వచ్చి కుప్పయ్య ఒళ్లో పడ్డాయి. ఇంతసేపూ బిగువుగా ఉన్నది ఒళ్లో మెత్తగా, వెచ్చగా, పిల్లి పడుకున్నట్టు పడుకుంది. అతను దాన్ని చూశాడు. దోనె మీద చుట్టుకున్న బట్ట చూశాడు. బట్టలో అడ్డంగా, తీరుగా, చక్కగా నేసుకుపోయిన కుంకం గీత. ఎప్పుడో దాటిపోయాడు. ఏ రాజుగారి తల దగ్గర దాటాడో, ఏ ఆవు పొదుగు దగ్గర దాటాడో. మగ్గం మధ్యలోంచి అవతలి గోడ కనపడింది. ఆ గోడ మీద పెచ్చు ఊడిన చోటు అతను ఇంతవరకూ చూడనేలేదు. పోగులు ఎప్పుడూ అడ్డం ఉండేవి.

మొదట కలిగింది భయం కాదు, ఒక వింత తొందర. కబురు చేయాలి, అయివారికి ముందు చెప్పాలి, అని చెయ్యి ఫోను కోసం పక్కకు వెళ్లింది. వెళ్లి, అక్కడే ఆగిపోయింది. ఎవరికి చెప్తావు? చెప్పడానికి ఆ మనిషి లేడు. ఆయన ఉంటే ఇప్పుడు నామం కరిగేదాకా నవ్వేవారు, నోటీసు ఇచ్చినా దిగనిది ఊసుపోక దిగిందా కుప్పయ్యా అనేవారు. కుప్పయ్యకు నవ్వూ ఏడుపూ ఒకేసారి రావడంతో దగ్గు వచ్చింది. దగ్గుతూండగానే చౌడేశ్వరి కొత్త పడుగును ఉండగా చుట్టి భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. ఒళ్లోని పోగులను చూసింది. వంగి దోనె మీది కుంకం గీతను వేలితో తడిమింది.

"రాజు తల యా పక్కకు తిరిగింది?" అంది.

"కుడివైపు."

"తిరుగుతుంది. నిన్ను కట్టుకున్నాక నా తల తిరగడంల్యా?" ఆమె భుజం మీది ఉండను దించి, వీధి వైపు చూసి, గొంతు తగ్గించింది. "సూడు. ఆ పాత దుప్పటి మగ్గం మీద కప్పుతా. అబ్బోడొస్తే పడుగుండాది, దుమ్ము పడతాదని కప్పినామని చెప్పు. చెప్పేదానికి నీకేం కొత్తనా?"

కొత్త కాదు. పలమనేరులో పెరుగు పితికినవాడికి ఒక దుప్పటి కింద లేని పడుగును చూపించడం ఎంతసేపు? కుప్పయ్య దుప్పటి కప్పిన మగ్గాన్ని మనసులో చూసుకున్నాడు, దాని పక్కన నిలబడి మాట్లాడుతున్న తనను చూసుకున్నాడు, ఆ మనిషి నచ్చలేదు. పెరుగు కథ చెప్పినప్పుడు వినేవాడికీ తెలుసు, వాడు తెలిసే నవ్వుతాడు. దుప్పటి కిందిది మోహన్‌కృష్ణకు తెలియదు. అయివారికి కూడా ఎప్పుడూ పడుగు ఎదురుగా చూపించే మూరెడు అన్నాడు, కప్పి అనలేదు. "వద్దు మే" అన్నాడు. "దిగింది దిగిందనే చెప్తాను." ఆమె అతని మొహం పరీక్షగా చూసి, జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి కూడా పెట్టింది.

బయట మోటారుసైకిల్ ఆగింది. తెల్లచొక్కా, జేబులో రెండు ఫోన్లు, చంకలో ప్లాస్టిక్ సంచి, మోహన్‌కృష్ణ చెప్పులు వదిలి గడప దగ్గరే నిలబడ్డాడు, లోపలికి తొంగి చూడకుండా ముందు గొంతు సవరించుకున్నాడు. ఇంటినుంచి బయలుదేరినప్పుడు కట్టుకున్న మాటలు దారిలో ఎక్కడా పోకుండా తెచ్చుకున్నట్టున్నాడు, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. "మామా, నీ మీద నాకేం కోపం లేదు. రేపు శుక్రవారం దాటితే నా అడ్వాన్సు పోతాది. పడుగుండాది, అతికినాను, మూరెడుండాది, ఈ మాటలు నాకాడ చెప్పొద్దు, మా నాయన అన్నీ చెప్పినాడు."

"దిగిపోయింది అబ్బోడా" అన్నాడు కుప్పయ్య.

"అదే, చెప్పొద్దంటా ఉండా."

"లేదు నాయనా. నిజంగా దిగిపోయింది. మాట ప్రకారం ఖాళీ చేస్తాము."

మోహన్‌కృష్ణ మొహంలో కనపడింది సంతోషం కాదు, అనుమానం. ఈ ముసలాయన ఔనన్నాడంటే ఇంట్లో ఏదో ఉంది. గుంటలో నీళ్లు ఊరుతున్నాయా, పైకప్పు దూలం విరిగిందా, పక్కవాడు గోడ లోపలికి జరిపాడా. "ఎందుకు మామా ఖాళీ చేస్తావు?" అని అడిగాడు, అడిగాక తానే ఏమడిగాడో విని తికమకపడ్డాడు. అది చూసి చౌడేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీ కోసమే కదప్పా నోటీసు ఇప్పించినారు" అంది. "అది కాదత్తా, ఇంత సులభంగా..." అంటూ వాడు గడప దాటి, వెలుతురునుంచి నీడలోకి వచ్చి, మగ్గాన్ని చూశాడు.

ఆగిపోయాడు. పోగు ఒక్కటీ లేని అల్లు, ఖాళీ అచ్చు, దాని గుండా కనపడుతున్న గోడ. తెల్లచొక్కా, ఫోన్లు, ప్లాట్లు, అన్నీ ఆ మనిషి మీదనుంచి ఊడి కింద పడ్డట్టయ్యాయి కుప్పయ్య కంటికి. నేతగాడి కొడుకు ఒకడు మిగిలాడు, గబగబా వెనక్కి నడిచి గడప అవతలికి పోయి నిలబడ్డాడు.

"బోసి మగ్గం! ఏం మామా ఇది, నేను కొనబోయే ఇంట్లో నాకు మొట్టమొదట బోసి మగ్గం చూపిస్తావా? మగ్గం బోసిగా ఉంటే మాయమ్మ ఆ పూట పొయ్యి ముట్టించేది కాదు. రేపు శుక్రవారం పెట్టుకుని నాకిదేం కర్మ!"

"నువ్వు కొంచెం ఆలస్యంగా వచ్చుంటే సరిపోయేది" అన్నాడు కుప్పయ్య, నిజంగా బాధపడుతూ.

"కట్టండి. ముందు పడుగెక్కించండి. మిగతాది తరవాత మాట్లాడదాము. అత్తా, కొత్తది ఉండాదా?"

ఉంది. కానీ ఇప్పుడు అతకడానికి పాత పోగులు లేవు, మొదటినుంచి ఎక్కించాలి, ఒక్కో పోగు అల్లు కన్నులో దూర్చి, అచ్చు పంటిలోంచి లాగాలి. దానికి ఇద్దరు కావాలి, మగ్గానికి అటొకరు పోగు అందించాలి, ఇటొకరు లాగాలి. చౌడేశ్వరి కళ్లకు మసక వచ్చి రెండేళ్లయింది, అతకడమైతే వేళ్లకు తెలుసు, ఈ పనికి మాత్రం కళ్లు కావాలి. ఆమె ఉండ విప్పి, కళ్లు చికిలించి, పోగు కొస తడుముకుంటూ ఉండగా, గడప అవతలినుంచి చూస్తూ చూస్తూ మోహన్‌కృష్ణ, అట్ల కాదత్తా, పక్కది పట్టినావు, అదీ కాదు, అని నాలుగుసార్లు అన్నాడు. అయిదోసారి అనకుండా చొక్కా చేతులు మడిచి వచ్చి మగ్గానికి అవతల బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

వాడి వేళ్లు మొదట తడబడ్డాయి. తరవాత వాటికవే ఏదో గుర్తొచ్చినట్టు సర్దుకున్నాయి, పోగు, కన్ను, పోగు, కన్ను. ఇవతల కుప్పయ్య అందుకుని లాగుతున్నాడు. ఏమీ మాట్లాడకుండా ఉండడం అతనికి ఎంత కష్టమో ఆ వీధికంతా తెలుసు, కానీ మాట్లాడలేదు, వాడి వేళ్లనే చూస్తున్నాడు. వీడి నాయనవే వేళ్లు, చూపుడువేలు కాస్త వంకర. ఇల్లు ఉంటుందా పోతుందా అన్నది ఇంకా తేలలేదు, అయినా గుండె ఎందుకో తేలిగ్గా ఉంది. ఎదురుగా గోడ మీది పెచ్చు ఒక్కో పోగు వెనక్కి కొంచెం కొంచెంగా పోతోంది. బయట కరెంటు వచ్చింది, వీధంతా ఒక్కసారిగా దడదడమంది, అరుగులు ఖాళీ అయ్యాయి, వీళ్లు ముగ్గురూ తల ఎత్తలేదు. మోహన్‌కృష్ణ జేబులో ఒక ఫోను మోగింది, ఆగింది, రెండోది మోగింది. రెండు చేతుల్లోనూ పోగులు. చౌడేశ్వరే జేబులోంచి ఫోను తీసి, వాడు చూపించిన చోట నొక్కి, చెవి దగ్గర పెట్టింది. వకీలు గొంతు మోతలో కూడా స్పష్టంగా వినపడింది, ఏమైందండీ, వాళ్లు ఖాళీ చేశారా, రేపు కాగితాలు సిద్ధం చేయమంటారా, జప్తుకు పోదామా?

మోహన్‌కృష్ణ చేతిలోని పోగును వెలుతురుకు పట్టుకుని చూశాడు. కుప్పయ్య తన చేతిలోని పోగును లాగకుండా పట్టుకున్నాడు.

"రాయండి సార్, రేపే రిజిస్ట్రేషను పెట్టుకుందాము" అన్నాడు వాడు. "ఇంట్లో బాడుగకు మనుషులుండారని అందులోనే రాయండి. ఆ... ఉంటారు. నా చేత్తో ఎక్కించిన పడుగును నేనే దించమంటానా? మగ్గం కూడా ఉంటాది. రాసేదానికి తావు లేకపోతే ఇంకో కాగితం అంటించండి సార్, మీకాడ కాగితాలకు కరువా!"

ధన్యుణ్ణి అనాలో, రాజుగారి తలపాగా కథ ఎత్తుకోవాలో తేలక కుప్పయ్య లాగిన పోగునే మళ్లీ లాగాడు. ఈలోగా చౌడేశ్వరి ఫోను కట్టేసి వాడి జేబులో పడేసి, మగ్గం మీదికి వంగి, అల్లును వేళ్లతో తడిమి, వాడి మోచేతి మీద చిన్నగా ఒకటి కొట్టింది.

"మాటల్లో పడి రెండు పోగులు ఒకే కంట్లో దూర్చినావు. తియ్యి, తియ్యి."